రాయి సున్నం, చెంబెడు నీళ్ళు

ఈస్టరుకు ముందటి శనివారం మా పేటంతా సున్నం వాసన వేసేది. కోడుమూరుకు నాలుగు మైళ్ళ అవతల ఊరు మాది. ఆ రోజు ఎవరి సమాధులు వాళ్ళు కడుక్కుని సున్నం కొట్టుకోవాలి. మర్నాడు ప్రార్థనకు అందరం ఆ సమాధుల తోటకే పోతాం కాబట్టి, ఎవరి సమాధి నల్లగా ఉంటే వాళ్ళింటి సంగతి ఊరందరికీ తెలిసిపోతుంది. "పాపం, ఆయప్పకు ఎవురూ లేరా ఏమి?" అని ఒక్క మాట పడిందంటే చాలు, ఆ ఇంటివాళ్ళు మళ్ళీ ఈస్టరు దాకా తల దించుకుని తిరగాల్సిందే.

మా అమ్మకు ఈ పనిలో మహా పట్టింపు. అంగట్లో దొరికే పొడి సున్నాన్ని ఆమె ముట్టేది కాదు. బట్టీ నుంచి రాయి సున్నం గడ్డలు తెప్పించి, కుండలో వేసి నీళ్ళు పోసేది. అది బుసబుసమని పొంగి, పొగలు కక్కి, ఉడికి చల్లారాక గుడ్డలో వడగట్టి, కిత్తనార కుంచెతో రెండు పూతలు పూసేది. మొదటి పూత ఆరకుండా రెండోది పూసే వాళ్ళంటే ఆమెకు లోకువ. మా తాత సమాధి, అవ్వ సమాధి, నాయన సమాధి పూర్తయ్యాక కుండ అడుగున కొంచెం మిగిలేది. ప్రతి ఏడూ మిగిలేది. ఆ మిగిలిన దాన్ని ఇంటికి తెచ్చి, ఏ గోడకూ పూయకుండా, దొడ్లో ఒక మూల పోసేసేది. "అంత పట్టింపు మనిషివి, కొలత తెలీదా నీకు?" అని నేను వెక్కిరించేదాన్ని. ఆమె కావాలనే నాలుగో సమాధికి కూడా కలుపుతోందని నాకు అర్థమయ్యేసరికి నాకు ఇరవై ఏళ్ళు దాటాయి.

ఆ నాలుగోది మా అన్నది. నాపరాయి గనిలో రాళ్ళు కొట్టేవాడు. యుద్ధం రోజుల్లో, వంతెనలు వేసే పటాలంలో చేరి ఓడెక్కాడు. ఇటలీ దేశంలో సముద్రం ఒడ్డున పోయాడనీ, అక్కడే పూడ్చామనీ ఒక కాగితం వచ్చింది. అప్పటికి నాకు పదేళ్ళు. మా పాస్టరు అయ్యగారు మంచి మనసుతో, మన తోటలోనే పేరు చెక్కించి ఒక రాయి పాతుదామన్నాడు. అమ్మ ఒప్పుకోలేదు.

"వాడు ఆడుంటే ఈడ రాయెందుకు అయ్యగారూ? ఉత్త రాయికి సున్నం కొట్టుకుంటా కూకోల్నా?" అంది.

వాడు పోయినందుకు ఆమె నా ముందు ఏడ్చింది తక్కువ. ఆమెను లోపల తొలిచేది వేరే సంగతి. "పదేండ్లాయె. ఒక్కసారన్నా సున్నం పడలేదు. ఎంత నల్లబడిపోయిందో," అనేది. వడ్లు దంచేటప్పుడు, ఉల్లిగడ్డలు తరిగేటప్పుడు, ఉన్నట్టుండి అనేది. బడిలో పంతులమ్మనై, అన్నీ తెలుసని మిడిసిపడుతున్న రోజులు నావి. "రాయికేం తెలుస్తాదిమా, నల్లగుండేదీ తెల్లగుండేదీ," అనేసేదాన్ని. ఇప్పుడు ఆ నోటిని తలుచుకుంటే నాకే చెంప పగలగొట్టాలనిపిస్తుంది.

కర్నూలు రాజధాని అయి, ఆఫీసులు గుడారాల్లో నడుస్తున్న రోజుల్లో ఈ ప్రయాణం మాట పుట్టింది. కర్నూలు మిషను బంగళాలో ఒక దొరసానమ్మ ఉండేది. ఆమె పెద్దబిడ్డను పుట్టినప్పటి నుంచీ, ఆ బంగళాకు పోయి ఉంటూ, మా అమ్మే ఎత్తుకు పెంచింది. ఇప్పుడు రెండో బిడ్డ చంకలో ఉంది. వాళ్ళు సెలవు మీద తమ దేశం పోతున్నారు. ఓడలో ఇద్దరు పిల్లలను చూసుకునే మనిషి కావాలి. ఓడ దారిలో ఇటలీలో ఆగుతుంది, అక్కడ దిగి మూడు రోజులు ఉంటారు. "నీ కొడుకు సమాధి ఉన్న ఊరు అక్కడికి దగ్గరే. నేను వెంట తీసుకుపోతాను. తిరుగు ఓడలో వచ్చే మా వాళ్ళతో నిన్ను భద్రంగా పంపిస్తాను," అని ఆమె తన ముద్దు తెలుగులో చెప్పింది.

అమ్మ సంతోషంతో కాళ్ళ మీద పడుతుందేమో అనుకున్నాను. ఆమె ఒక్క నిమిషం నేల చూసి, "సున్నం నేనే తెచ్చుకుంటాలే అమ్మా," అంది.

ఆ రోజు నుంచీ మా ఇంట్లో వేరే మాట లేదు. బడి నుంచి దేశపటం తెచ్చి గోడకు తగిలించాను. మధ్యధరా సముద్రం మీద వేలు పెట్టి చూపించాను. అమ్మ దగ్గరికి వచ్చి, కళ్ళు చిట్లించి చూసి, "సుట్టూ నేలే ఉండాది గదమ్మే," అంది. సముద్రమంటే అంతు లేనిదని భయపడుతూ ఉన్నదేమో, చుట్టూ గట్టున్న సముద్రాన్ని చూసి ఆమెకు ధైర్యం వచ్చింది.

మా వీధి చివర ఒక ముసలి దర్జీ ఉండేవాడు. పటాలంలో బట్టలు కుట్టే పనికి పోయి, అదే ఇటలీలో ఏడాదిన్నర ఉండి వచ్చాడు. మా అమ్మను అక్కా అనేవాడు. రోజూ సాయంత్రం మా అరుగు మీద కూర్చుని ఆ దేశం గురించి చెప్పేవాడు.

"అచ్చం మన సీమే అక్కా. ఎండ మన ఎండే. రాళ్ళ గోడలు, మేకలు. గట్ల మీద నాగజెముడు ఉండాది, ఖుదా కసం! ఆ కాయలు కోసి బజార్లో పెట్టుకుని అమ్ముతారు."

"మనోళ్ళు పారేసేది అమ్ముతారా? ఇంగేం, బతకొచ్చు," అని అమ్మ నవ్వింది. మా అన్న పోయిన చోటు కూడా నాగజెముడు మొలిచే నేలే అని తెలిశాక ఆమె ముఖం తేటపడింది. మరీ పరాయి చోట లేడు కదా అనిపించిందేమో.

"నీళ్ళు యాడ నుంచి తెచ్చుకుంటారప్పా?" అని అడిగింది. మా సీమ మనిషి ఏ ఊరి గురించైనా మొదట అడిగేది అదే.

"తెచ్చుకునేదేంది? వీధి వీధికీ రాతి తొట్టి ఉంటాది. పైన ఒక రాతి సింహం నోట్లోంచి రాత్రింబగళ్ళు నీళ్ళు పడతానే ఉంటాయి. ఎవురూ మూసేది లేదు."

అతను వెళ్ళేదాకా అమ్మ ఊరుకుని, తర్వాత నాతో, "మంచోడే గానీ, నోటికొచ్చినట్ల చెప్తాండాడు. నీళ్ళు ఊరికే పడతాంటే మూయనోళ్ళు ఉంటారా?" అంది. నాగజెముడు నమ్మింది. సింహం నోట్లో నీళ్ళు మాత్రం నమ్మలేదు. ఉప్పునీళ్ళతో సున్నం ఉడికిస్తే పొట్టు పొట్టుగా రాలిపోతుందని, మా బావి నీళ్ళే ఒక చెంబెడు తీసుకుపోవాలని తీర్మానించింది. "ఓడలో అన్నాళ్ళకు ఆ నీళ్ళు పాచి పడతాయిమా," అని నేను కొట్లాడాను. "సున్నానికి పాచి ఏం జేస్తాది?" అంది.

పాస్‌పోర్టు కోసం కర్నూలు పోయాం. ఫోటో తీయించుకోవడం ఆమెకు అదే మొదలు. రెప్ప వేయకూడదని చెప్పినందుకు ఊపిరి కూడా బిగబట్టింది. ఆఫీసు గుడారంలో, గాలికి కాగితాలు ఎగరకుండా ఒక్కో కట్ట మీద ఒక్కో గులకరాయి పెట్టుకుని కూర్చున్న గుమాస్తా, "ఎందుకోసం పోతాండావమ్మా?" అని అడిగాడు.

"సున్నం కొట్టనీకి," అంది అమ్మ.

అతను కలం ఆపి తలెత్తాడు. సంగతంతా నేను చెప్పాను. విని, కాగితం మీద ఏదో రాశాడు. వంగి చూశాను. కొడుకును చూడటానికి, అని రాశాడు. ఆ గుమాస్తా ఎవరో నాకు తెలియదు గానీ, ఈనాటికీ ప్రార్థనలో ఆయనను తలుచుకుంటాను.

ఆ ఏడు ఈస్టరుకు అమ్మ సున్నం సరిగ్గా మూడు సమాధులకే కలిపింది. కుండలో చుక్క మిగల్లేదు. "ఇంగొగటి ఆడికి పోయి కలుపుకుంటా," అంది.

ఏప్రిల్ ఆఖర్లో ప్రయాణం. దొరసానమ్మ వాళ్ళు కర్నూలు నుంచి కారులో ఆదోని స్టేషనుకు వస్తారు. మేం బస్సులో అక్కడికి పోయి కలుసుకోవాలి. అక్కడి నుంచి బొంబాయి రైలు. అమ్మ రేకు పెట్టెలో రెండు కొత్త చీరలు, దర్జీ కుట్టిచ్చిన చలికోటు, వాటి పక్కనే గోనెసంచిలో మూటగట్టిన రాయి సున్నం గడ్డలు. కిత్తనార కుంచె మాత్రం నలిగిపోతుందని చేతిసంచిలో పెట్టుకుంది. నీళ్ళ చెంబు మూతికి గుడ్డ కట్టి ఒళ్ళో పెట్టుకుంది. సున్నమూ నీళ్ళూ ఒక దగ్గర ఉండకూడదని పసిబిడ్డకు కూడా తెలుసు, అందుకే పెట్టె బస్సు పైన, చెంబు కింద ఆమె ఒళ్ళో.

పాస్‌పోర్టు ఆమె నడుముకు కట్టుకున్న గుడ్డసంచిలో ఉంది. బస్సు ఎక్కబోయే ముందు నా కన్ను దాని మీద పడింది. ఒళ్ళో చెంబు, దాని కిందే పాస్‌పోర్టు. రోడ్డు చూస్తే అన్నీ గుంతలే.

"తడుస్తాదిమా. ఇటియ్యి, పెట్టెలో పెడతా."

"వొద్దులేమ్మే. నా ఒంటి మీదే ఉండనీ."

"నీకు తెలీదు. నీళ్ళు పడితే అచ్చరాలన్నీ కారిపోతాయి. మళ్ళా కర్నూలు యాడ తిరుగుతావు?"

పంతులమ్మ గొంతు పెట్టేసరికి ఆమె మారుమాట లేకుండా విప్పి ఇచ్చింది. నేనే పెట్టె తెరిచి, చీరల మీద పెట్టి, మూసి, బస్సు మీదికి ఎక్కించాను. చెంబెడు నీళ్ళ గురించి అంత జాగ్రత్తపడిన నాకు ఆకాశంలో నీళ్ళ గురించి ఆలోచనే రాలేదు. వచ్చేదెట్లా? రెండేళ్ళుగా వానాకాలంలోనే సరిగ్గా వాన పడలేదు. ఏప్రిల్‌లో పెట్టె మీద టార్పాలిన్ పట్టా కప్పమని అడిగి ఉంటే కండక్టరు నవ్వేవాడు.

ఎమ్మిగనూరు దాటాక గాలి లేచింది. ఎర్రదుమ్ము. ఆ తర్వాత టపటపమని చినుకులు. చూస్తుండగానే కుండపోత. బస్సులో వాళ్ళంతా పండగ వచ్చినట్టు కేకలు పెట్టారు. ఒక పెద్దాయన తలగుడ్డ తీసి కిటికీలోంచి తల బయటికి పెట్టాడు. అందరితో పాటు నేనూ చెయ్యి చాపి, అరచేతిలో పడిన నీళ్ళు ముఖాన చల్లుకుని నవ్వాను. అమ్మ ఒక్కతే పైకప్పు వైపు చూసింది.

"మ్మే, పెట్టె!"

నాకు వెంటనే ఎక్కలేదు. వెనక సీటులోంచి ఎవరో, "ఏమప్పా కండక్టరూ, పైన పొగ వస్తాండాది!" అని అరిచారు. బస్సు ఆపారు. ఇద్దరు మనుషులు పైకెక్కి, గోనెపట్టాలు చేతులకు చుట్టుకుని ఆ పెట్టెను కిందికి దించారు. రేకు ముట్టుకుంటే కాలుతోంది. మూత సందుల్లోంచి ఆవిరి చిమ్ముతోంది. మూత తెరిచేసరికి సున్నం గోనె చించుకుని పొంగి చీరల మీదికి వచ్చేసింది. కొత్త చీరలు కమిలిపోయి ముట్టుకుంటే పీలికలయ్యాయి. కోటు పోయింది. పాస్‌పోర్టును కర్రతో బయటికి లాగాను. అట్ట ఉబ్బిపోయింది. లోపలి కాగితాలు ఒకదానికొకటి అంటుకుపోయాయి. ఫోటోలో ఊపిరి బిగబట్టిన అమ్మ ముఖం ఉన్న చోట తెల్లగా సున్నం తప్ప ఏమీ లేదు.

రోడ్డు మీద, ఆ వానలో, అంతమంది ముందు, నేను గొంతెత్తి ఏడ్చాను. "నేనేమా పెట్టింది. నువ్వు వొద్దంటే నేనే పెట్టినా," అన్నాను. అమ్మ తిట్టలేదు. నన్ను చూడనూ లేదు. పెట్టె పక్కన గొంతుకూర్చుని, కర్రతో సున్నాన్ని అటూ ఇటూ కదిపి చూసింది.

"సగమే ఉడికిండాది. ఇట్లే ఇడిస్తే పనికి రాదు," అంది.

బస్సుకు నీళ్ళు పోసే బకెట్టు అడిగి తీసుకుంది. గడ్డలన్నీ కర్రతో అందులోకి తోసింది. తర్వాత ఒళ్ళో దాచుకు వచ్చిన చెంబు మూతి గుడ్డ విప్పి, మా బావి నీళ్ళు, కొడుకు సమాధి దగ్గర పోయాల్సిన నీళ్ళు, తొందరపడకుండా కొంచెం కొంచెంగా పోసింది. సున్నం బుసబుసమని పొంగింది. ఆమె కర్రతో తిప్పుతూనే ఉంది. బస్సులోని వాళ్ళు దిగి చుట్టూ నిలబడ్డారు గానీ, ఒక్కరూ ఆలస్యమవుతోందని అనలేదు. డ్రైవరు కూడా అనలేదు. వాన వచ్చినంత తొందరగానే ఆగిపోయింది. సున్నం ఉడికి, చల్లారి, వెన్నలా అయ్యాక దాన్ని చెంబులోకి తీసి, మూతికి మళ్ళీ గుడ్డ కట్టింది.

ఆదోని ప్లాట్‌ఫారం మీద దొరసానమ్మ మమ్మల్ని చూసి ముందు నవ్వింది. తర్వాత మా చేతుల్లో పెట్టె లేకపోవడం చూసింది. నేను ఆ సున్నం పట్టిన పాస్‌పోర్టు చేతికిచ్చాను. మళ్ళీ కొత్తది తీసుకునేంతలో ఓడ వెళ్ళిపోతుంది. అది ఎవరికీ విడమర్చి చెప్పాల్సిన పని లేకపోయింది. చంకలోని బిడ్డ మా అమ్మ కోసం చేతులు చాపి ఏడుస్తుంటే, అమ్మ దాన్ని ఎత్తుకుని ఊరుకోబెట్టి తల్లికిచ్చింది. తర్వాత చెంబూ కుంచే ఇచ్చింది.

"రెండు పూతలమ్మా. పైనుంచి కిందికి. మొదటిది బాగా ఆరినాకనే రెండోది. తొందరపడొద్దు." ఇంకేదో చెప్పాలనుకుని ఆగి, "వాడు శానా ఓపిక గల్ల పిల్లోడు," అంది.

దొరసానమ్మ ఆ చెంబును రెండు చేతులతో పట్టుకుని రైలెక్కింది.

తిరిగి వచ్చిన రోజు ఊరంతా మా అరుగు ముందు చేరింది. ఏమయిందని అడిగితే అమ్మ, "నా తెలివితక్కువ. పాస్‌పోర్టు ఒంటి మీద పెట్టుకోకుండా పెట్టెలో పెడితి," అంది. నేను నోరు తెరవబోయాను. ఆమె నా వైపు చూసిన చూపుకు నోరు మూతపడింది. అందరితోనూ అట్లాగే చెప్పింది. బతికినన్నాళ్ళూ ఎవరడిగినా అట్లాగే చెప్పింది. నేను మూసుకున్న నోరు మూసుకున్నట్టే ఉంచుకున్నాను. ఇదిగో, ఇప్పుడు ఇక్కడ రాస్తున్నాను, పెట్టింది నేను.

మూడు నెలలకు ఉత్తరం వచ్చింది, లోపల ఒక ఫోటో. ఉత్తరం ఇంగ్లీషులో ఉంది. నేను చదివి తెలుగులో చెబుతుంటే, అమ్మ చేటలో కొర్రలు చెరుగుతూ వింది. దర్జీ కూడా వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

అక్కడ సమాధులు మనవాటిలా లేవట. అన్నీ ఒకే మాదిరి తెల్లరాళ్ళు, వరసలు వరసలుగా, సముద్రం కనబడేట్టు నిలబెట్టారు. ఆ రాయే తెల్లనిది కాబట్టి నల్లబడలేదు. మధ్యలో పచ్చగడ్డి, ప్రతి రాయి పాదం దగ్గరా ఒక గులాబీ చెట్టు. చూసుకోవడానికి ఒక మనిషి ఉన్నాడు. రోజూ నీళ్ళు పోస్తాడు.

చేట ఆగింది. "రోజూనా?"

"రోజూ."

అమ్మ దర్జీ వైపు చూసింది. అతను, నేను చెప్పలేదా అన్నట్టు గడ్డం నిమురుకున్నాడు, అంతే.

ఆ మనిషి మొదట సున్నం పూయనివ్వలేదు. అన్ని రాళ్ళూ ఒకే తీరుగా ఉండాలని సైగ చేశాడు. అతని భాష దొరసానమ్మకు రాదు. ఆమె చెంబు గుడ్డ విప్పి చూపించింది. కుంచె చూపించింది. ఎత్తుకున్న బిడ్డను చూపించి, తర్వాత సముద్రం అవతలి వైపు చూపించింది. అతను ఆ కుంచెను చేతిలోకి తీసుకుని, పీచు వేళ్ళతో సవరించి, చాలాసేపు చూశాడు. తర్వాత ఆమెను రాయి వెనక్కి తీసుకుపోయి, గడ్డి పక్కకు తొలగించి, ఇక్కడ పూసుకోమన్నట్టు చెయ్యి చూపించాడు. పాదం దగ్గర, బెత్తెడు మేర. ఆమె మోకాళ్ళ మీద కూర్చుని పూసింది. ఆరేదాకా పిల్లలతో పాటు అక్కడే రొట్టె తిని, రెండో పూత పూసింది. ఫోటో ముందువైపు నుంచే తీశాను, వెనకవైపు తీయడానికి ఎండ అడ్డం వచ్చింది, క్షమించమని రాసింది.

"రెండు పూతలూ పూసిందా?"

"రెండూ పూసింది మా."

"ఆరినాకనేనా?"

"ఆరినాకనే."

అమ్మ చేట కింద పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుని ఫోటో తీసుకుంది. తెల్లరాయి, దాని మీద సిలువ, మా అన్న పేరు, ఒక గులాబీ కొమ్మ. ఆమెకు చదువు రాదు. అయినా పేరు మీద వేలు పెట్టి చివరిదాకా జరిపింది.

ఆ తర్వాత ఏ ఈస్టరుకూ మా కుండలో సున్నం మిగల్లేదు. కానీ నాకు ఎక్కువగా గుర్తొచ్చేది ఆ పూట ఆమె చేసిన పని. ఫోటోను చాలాసేపు చూసి, మెల్లగా వెనక్కి తిప్పింది. వెనక ఏమీ లేదు, ఉత్త తెల్ల కాగితం. దాన్ని ఎండకు పట్టుకుని, బొటనవేలితో పైనుంచి కిందికి నిమిరి చూసింది. నేను ఏడుస్తున్నానని అప్పుడు గమనించిందేమో, దగ్గరికి వచ్చి నా ముందు దాన్ని పట్టుకుంది.

"చూడుమ్మే," అంది. "బాగా పట్టిండాది."